ఓడలోకి బియ్యం రానియ్యరట

నాచారం,
11-9-2006

దుర్గాభవాని గారికి,

లక్ష్మీనర్సమ్మ రాయునది. ఇక్కడ మేము క్షేమం. అక్కడి క్షేమం అడగడం మర్యాద కాబట్టి అడుగుతున్నాను. మీ ఆయన సాంబయ్య అన్నకు దగ్గు తగ్గిందని మా మానస ఫోన్‌లో మాట్లాడుతుంటే చెవిన పడింది. సంతోషం.

మీతో ఈ జన్మలో మాట్లాడనని రెండున్నరేళ్ల కింద ఒట్టు పెట్టుకున్నాను. రాయనని మాత్రం పెట్టుకోలేదు. ఆ సందు దొరికింది కాబట్టి ఈ కాగితం ఖర్చు పెడుతున్నాను.

సంగతేమిటంటే, మానస పని చేసే ట్రావెల్స్ ఆఫీసు ఉప్పల్ చౌరస్తా దగ్గర ఉంది కదా, వాళ్ళు ఓడ ప్రయాణాల టికెట్లు అమ్ముతారు. ఓడలంటే సరుకులు మోసేవి కావు. ఎక్కి, తిని, పడుకుని, ఎక్కిన చోటే దిగేవి. ఏటా ఆఫీసులో ఒకరి తల్లిదండ్రులకు ఒక గది ఊరికే ఇస్తారట. ఈ ఏడు మానస వంతు. తల్లి ఉంది. తండ్రి, అంటే మీ అన్న నరేందర్, పోయి నాలుగేళ్లు కావస్తోంది. నేనొక్కదాన్నే పోతానంటే కుదరదట. గది ఇద్దరిదట, రెండోవారు ఇంటి మనిషే అయి ఉండాలట. "నాయిన జాగల నాయిన చెల్లె పోతది. గిండ్ల అంత ఆలోచించేదేముందే అమ్మా?" అన్నది మానస. నేను చాలా ఆలోచించాను. ఇంకో మనిషి దొరక్క రాస్తున్నాను.

మూడు కంపెనీలు ఉన్నాయి. డిసెంబర్ పదిహేను లోపల ఏదో ఒకటి చెప్పకపోతే గది ఇంకొకరికి పోతుంది. రంగుల పుస్తకాలు దీనితోనే పంపుతున్నాను. ఆ ఇంగ్లీషు పేర్లు నాకు నోరు తిరగవు, అట్టల మీది బొమ్మలతోనే చెప్తాను.

మొదటిది గొడుగు బొమ్మ కంపెనీ. మీ బొంబాయిలో ఎక్కితే గోవా చూపించి మూడు రోజులకు మళ్ళీ అక్కడే దింపుతుంది. పది అంతస్తులు. పుస్తకం నిండా తిండే. ఆరో పేజీలో ఒకామె కళ్ళ మీద దోసకాయ ముక్కలు పెట్టుకుని పడుకుంది. నేను దోసకాయను పప్పులో వేస్తాను, ఆమె కళ్ళకు వేసుకుంది, ఎవరి తెలివి వాళ్ళది.

రెండోది కిరీటం బొమ్మది. విమానంలో సింగపూర్ పోయి అక్కడ ఎక్కాలి. రాత్రి భోజనానికి మగవాళ్ళు కోటు వేసుకోకపోతే లోపలికి రానివ్వరట. పళ్ళెం చుట్టూ ఆరు చెంచాలు ఉన్నాయి. ఒక్క నోటికి ఆరు చెంచాలు ఎందుకో అచ్చు వేసినవాడికే తెలియాలి.

మూడోది కొబ్బరిచెట్టు బొమ్మది. కొచ్చిన్‌లో ఎక్కి దీవులు చూసి రావాలి. చిన్న ఓడ. మంచాలు రైలు బెర్తుల్లాగా ఒకదాని మీద ఒకటి. కింద ఎవరు, పైన ఎవరు అనే దగ్గరే మన ప్రయాణం ఆగిపోతుంది.

ఇరవై రెండేళ్లుగా మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ టేబుల్ దగ్గర గోలీల పట్టీలు చూస్తున్న కళ్ళు నావి. పట్టీలో ఉన్న తొమ్మిది గోలీలను మేము చూడం. గోలీ పడని ఖాళీ గుంటను చూస్తాం. ఈ పుస్తకాలను కూడా అట్లాగే చూశాను. మూడింటిలోనూ ఒక్క బాత్రూం బొమ్మ లేదు. ఒక్క ముసలి మనిషి లేడు. ఒక్కరికీ కడుపులో తిప్పడం లేదు. అంతా పళ్ళే. ఇంత నవ్వే మనుషుల మధ్య మూడు రోజులు ఎట్లా ఉంటారో నాకు అర్థం కాలేదు.

వస్తారా రారా, వస్తే ఏ ఓడ, ఒక్క ముక్క రాయండి. రాకపోయినా నాకు బాధ లేదు.

ఇట్లు,
మీ అన్న భార్య
లక్ష్మీనర్సమ్మ


ఘాట్‌కోపర్, ముంబై,
20-9-2006

వదినకు,

"గారు" అని రాసే ఓపిక నాకు లేదు. నువ్వు మీరు మీరు అంటుంటే బ్యాంకు నుంచి నోటీసు వచ్చిందేమోనని ఈయన కళ్ళజోడు వెతుక్కున్నాడు.

ఒట్టు నువ్వొక్కదానివే పెట్టుకున్నావా? నేనూ పెట్టుకున్నాను. ఆ రోజు సాయంత్రం రైలు లింగంపల్లి దాటకముందే పెట్టుకున్నాను. కాబట్టి మాట్లాడే ప్రసక్తి లేదు. రాతకు రాత.

పుస్తకాలు చూశాను. నువ్వు గోలీల కళ్ళతో చూస్తే నేను కుట్టుమిషన్ కళ్ళతో చూశాను. గొడుగు కంపెనీ ఆడవాళ్ళ బట్టలకు నేనైతే కూలి కూడా అడగను, కుట్టడానికి గుడ్డ ఉంటే కదా. కిరీటం కంపెనీలో కోట్లన్నీ అద్దెవి. భుజాలు చూడు, ఒక్కటీ ఆ మనిషి కొలతది కాదు. నలుగురైదుగురికి ఒకే కోటు తొడిగి ఫోటోలు తీసినట్టున్నారు. కొబ్బరిచెట్టు వాళ్ళు మాత్రం నారింజ రంగు గాలి సంచులు కట్టుకుని నిలబడ్డారు. ఓడ ఎక్కకముందే మునిగేదానికి తయారుగా ఉన్నారు.

అసలు నీకు ఓడ ఏమిటి వదినా? హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడి దాకా పడవలో పోయి, దిగేలోపల అన్న చొక్కా మీద వాంతి చేసుకున్నదానివి. అన్న ఆ చొక్కాతోనే లాలాపేట్ దాకా బస్సులో వచ్చి దారిపొడుగునా నవ్వాడు. నాకు గుర్తుంది. నువ్వు మరిచిపోయి ఉంటావు, నీకు నీ తప్పులు గుర్తుండవు.

సరే. నేను వస్తానో రానో తర్వాత చెప్తాను. ముందు ఒక్కటి కనుక్కో. ఓడలోకి వండని బియ్యం రానిస్తారా? ఐదు శేర్లు. మూడు పుస్తకాలూ తిరగేశాను, ఎక్కడా రాయలేదు. దోసకాయ గురించి రాసినవాళ్ళకు బియ్యం గురించి రాయడానికి చేయి రాలేదు. ఏ కంపెనీ రానిస్తే నాకు ఆ కంపెనీ. గొడుగైనా కిరీటమైనా నాకు ఒకటే.

మానసకు నా ముద్దులు. అది నీ పోలిక కాకుండా పుట్టింది, మా అదృష్టం.

దుర్గ


నాచారం,
4-10-2006

దుర్గాభవాని గారికి,

మీ ఉత్తరం సద్దుల బతుకమ్మ నాడు వచ్చింది. పండుగ పూట చదవడం ఎందుకని రెండు రోజులు దిండు కింద పెట్టి తర్వాత చదివాను. అయినా పండుగ రుచి పోయింది.

ఓడలో పూటకు నలభై రకాలు వడ్డిస్తారట. మీరు బియ్యం మూట నెత్తిన పెట్టుకుని వస్తారట. మానస గొడుగు కంపెనీ వాళ్ళకు ఫోన్ చేసి అడిగితే ఆ మనిషి నవ్వాడు. "మేడమ్, గదిలో పొయ్యి ముట్టిస్తే నడి సముద్రంలో దింపేస్తరు" అన్నాడు. నా బిడ్డ ఆఫీసులో తల దించుకుంది. ఇన్నేళ్లు బొంబాయిలో ఉండి మీరు నేర్చుకున్న నాగరికత ఇది.

నేను కిరీటం కంపెనీ వాళ్ళ మీటింగుకు పోయి వచ్చాను. హబ్సిగూడలో ఒక హోటల్లో పెట్టారు. టై కట్టుకున్న ఒక పిల్ల గోడ మీద బొమ్మలు చూపించింది. నేను లేచి, "ఒక్క గదిల ఇద్దరు పడనోళ్ళు ఉంటే ఎట్ల?" అని అడిగాను. "బాల్కనీ ఉంటదండీ" అన్నది. సముద్రం మీద బాల్కనీ పడనివాళ్ళకు ఎందుకు పనికొస్తుందో ఆ పిల్ల ఆలోచించి చెప్పినట్టు లేదు. చివర ఒక్కొక్కరికి ఒక సమోసా పెట్టారు. రెండోది అడిగితే లేదన్నారు. సమోసా దగ్గరే ఇట్లా ఉంటే నలభై రకాలు ఎక్కడ పెడతారు?

ఇక అసలు మాట. ఐదు శేర్లని లెక్క కట్టి మరీ రాశారు. నాకు అర్థం కాదనుకున్నారా? రెండున్నరేళ్ల కింద, మీ అన్న సంవత్సరీకం అయిన నెలకు, చాటలో పోసి పెట్టిన బియ్యం కూడా ఐదు శేర్లే. నా మొగుడు పోయినా ఈ ఇల్లు దుర్గకు పుట్టిల్లే, బేసి ఏడు వచ్చింది, పుట్టింటివాళ్ళం ఆడబిడ్డ ఒడి నింపి ఒడిబియ్యం పోయాల్సిందే అని పట్టుబట్టినదాన్ని నేను. పసుపు, నెయ్యి పట్టించి బియ్యం కలిపాను. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, చీర, రవికె, గాజులు అన్నీ నేనే తెచ్చాను. మీ రాజేశ్వరమ్మ పెద్దమ్మ లాలాపేట్ నుంచి వచ్చి, "ముండమోసిన చెయ్యి తగులొద్దు, దుర్గ పసుపు కుంకుమలకు కీడు" అన్నది. మల్లాపూర్ నుంచి మీ చిన్నాయన కొడుకు కనకరాజును, వాడి భార్యను పిలిపించి పీట ముందు కూర్చోబెట్టింది. నేను వంటింట్లో నిలబడ్డాను. దానికి నేను ఏడవలేదు. మీరు మాత్రం పీట మీద నుంచి లేచి, ఒక్క మాట అనకుండా చెప్పులేసుకుని పోయారు. నా ఇంటి బియ్యం కనకరాజు చేతి మీదుగా వచ్చినా మీకు మైలే అయ్యాయి.

ఆ బియ్యం ఏమయ్యాయో అడిగారా? పసుపు కలిపినవి దుకాణం వాడు తీసుకోడు. నేనూ మానసా నెల రోజులు వండుకుని తిన్నాం. డబ్బాలో పచ్చటి అన్నం చూసి ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు "ఏందక్కా, దినాం పులిహోరేనా?" అని అడిగేవాళ్ళు. అవునన్నాను.

మా దగ్గర కొత్త మందు కట్టే ముందు టేబుల్ మీద పాత మందుది ఒక్క గోలీ మిగిలినా సూపర్‌వైజర్ సంతకం పెట్టడు. మీరు పాతది తీసి టేబుల్ మీద పోశారు. ఇక కొత్త పని ఎట్లా మొదలవుతుంది?

ఇట్లు,
లక్ష్మీనర్సమ్మ


ఘాట్‌కోపర్,
14-10-2006

వదినకు,

పులిహోర సంగతి చదివి ముందు నవ్వాను. తర్వాత మిషన్ మీద ఉన్న రవికెకు కుడి చేయి ఎడమ పక్క కుట్టి మళ్ళీ విప్పుకున్నాను. ఆ మాట ఇక్కడితో ఆపుతాను. నువ్వు రాసింది సగమే. మిగతా సగం ఎదురుగా చెప్పాల్సింది, కాగితం మీద ఒలకబోయను.

మొన్న గొడుగు కంపెనీ ఓడను చూడటానికి రేవు దాకా పోయాను. ఈయన వద్దన్నాడు, "టికెట్ కొనకుండ ఓడను సూడనిస్తరా?" అన్నాడు. గేటు బయట నుంచి చూడటానికి టికెట్ ఎందుకు? తెల్లగా, మన నాచారం రోడ్డంత పొడుగు ఉంది. చూస్తే గొప్పగానే ఉంది, ఉత్తపుణ్యానికి అబద్ధం ఎందుకు చెప్పాలి. అప్పుడే మనుషులు దిగుతున్నారు. మూడు రోజులు పని లేకుండా తిని వచ్చిన మొహాలు చూడాల్సిందే. బస్తీలో మూడు పెళ్ళిళ్ళ వంట చేసి వచ్చిన ఆడవాళ్ళు కూడా అంత అలసిపోరు. ఒకాయన మెట్ల మీదే నిలబడి భార్యతో, "నాశ్తా అయిపోకముందే ఎందుకు దింపిన్రు?" అని కొట్లాడుతున్నాడు. మనవాడే, తెలుగు. సిగ్గుతో పక్కకు తిరిగాను.

గేటు దగ్గర కాపలాదారును అడిగాను. వండని బియ్యం పోనిస్తారా? పోనివ్వం. పసుపు? ఎందుకు? కుడుకలు? ఎందుకమ్మా ఇవన్నీ, పూజనా? అట్లాంటిదే అన్నాను. నన్ను పై నుంచి కింది దాకా చూసి, "పూజలు ఇంట్లో చేసుకోవాలె, ఓడలో ఏం పని?" అన్నాడు హిందీలో. తొడుక్కున్న యూనిఫారానికి జేబు మూలన కుట్టు విప్పుకుని వేలాడుతోంది. అట్లాంటివాడు నాకు బుద్ధి చెప్తాడు. అక్కడి నుంచి వచ్చేశాను.

కాబట్టి గొడుగు కంపెనీ కొట్టివేత. పది అంతస్తులు కట్టారు కానీ ఐదు శేర్ల బియ్యానికి జాగా లేదు. కిరీటాన్ని, కొబ్బరిచెట్టును కూడా అడగమను మానసను. పసుపు, కుడుకలు, పోకలు కూడా కలిపి అడగమను. పొయ్యి ముట్టించేది లేదని చెప్పమను. ఊరికే ఒక గంట గదిలో ఉంచుకుని మళ్ళీ మూట కట్టుకుంటాం, అంతే.

బాల్కనీ గురించి నువ్వు ఫికర్ పడకు. నిన్ను తోసేంత బలం నాకు లేదు.

దుర్గ


నాచారం,
1-11-2006

దుర్గాభవాని గారికి,

మీరు అడగమన్నవన్నీ మానస అడిగింది. కిరీటం కంపెనీ వాళ్ళు సింగపూర్‌లో ధాన్యం గింజ కూడా దిగనివ్వరన్నారు. కొబ్బరిచెట్టు వాళ్ళు దీవుల్లోకి బయటి సరుకు తేవద్దన్నారు. మూడు ఓడలూ మిమ్మల్ని వద్దన్నాయి. వాటికైనా బుద్ధి ఉంది.

నాకు ఇప్పుడు అంతా అర్థమైంది. పసుపు, కుడుకలు, పోకలు. ఒక గంట పని. ఇది మీకు తొమ్మిదో ఏడు. పోయినసారి ఆగిపోయిన ఒడిబియ్యం ఈసారి ఓడలో పోయించుకోవాలని ఎత్తు వేశారు. ఎవరి చేత? పోయిన వారం కనకరాజు భార్య మా మానస ఆఫీసుకు వచ్చి గొడుగు కంపెనీ పుస్తకం అడిగి తీసుకుపోయిందట. "మేము గూడ గోవా పోతున్నం వదినే" అని నాతో రేషన్ దుకాణం దగ్గర ఇకిలించింది. అడగకుండానే రెండు రెళ్ళు నాలుగని తేలింది. మొగుడూ పెళ్ళాం పక్క గదిలో దిగుతారు, మీరు వాళ్ళ ముందు ఒడి పడతారు. నా బిడ్డకు వచ్చిన గదిలో, మీ అన్న జాగాలో కూర్చుని.

అప్పుడు నేను ఎక్కడ నిలబడాలి? ఇంట్లో అయితే వంటిల్లు ఉంది. ఓడలో వంటిల్లు వేరేవాళ్ళది. బాల్కనీ ఎందుకో ఇప్పుడు తెలిసింది.

నేను రాను. ఏ ఓడా వద్దని మానసకు చెప్పేస్తాను. బాధగా ఉందని రాయడం ఇష్టం లేదు. కానీ ఉంది. మీ అన్న బతికి ఉండగా మీరు వస్తున్నారంటే పక్క వీధి దాకా ఎదురొచ్చేదాన్ని. ఎవరి కోసం నడిచానో ఇప్పుడు తెలుస్తోంది.

ఇక ఉత్తరాలు కూడా వద్దు.

లక్ష్మీనర్సమ్మ


ఘాట్‌కోపర్,
9-11-2006

వదినా,

నీకు కళ్ళు ఉన్నాయా, గోలీలు చూసీ చూసీ అరిగిపోయాయా? ఇరవై రెండేళ్లు ఖాళీ గుంట పట్టేదాన్నని గొప్పలు పోతావు. నీ ఎదురుగా ఉన్నది ఒక్కనాడు కనపడదు.

కనకరాజు గోవా పోతే నాకేం, గంగలో దిగితే నాకేం? వాడి బావమరిది అక్కడ వెల్డింగ్ పనికి పోయాడు, చూడటానికి పోతున్నారు, బస్సులో. పుస్తకం బొమ్మల కోసం తీసుకుపోయి ఉంటుంది. వాళ్ళిద్దరూ ఓడలో గది తీసుకునే రకమా? మనం ఇంటికి పోతే చాయలో పాలు కూడా కొలిచి పోస్తారు.

ఎదురుగా చెప్దామనుకున్న సగం ఇప్పుడే చెప్తాను, విను. ఆ రోజు పీట మీద కూర్చున్నాను. ముందు కనకరాజు, వాడి భార్య, చాట. "పొయ్యిండ్రి, యాళ్ల దాటుతుంది" అంటోంది పెద్దమ్మ. నేను వాళ్ళను చూడటం లేదు. వంటింటి తలుపు వైపు చూస్తున్నాను. నువ్వు బయటికి వస్తావు, చాట అందుకుంటావు, ఎవరు ఆపుతారో చూద్దాం అనుకుంటున్నాను. నిన్ను ఎవరూ లోపలికి తోయలేదు వదినా. పెద్దమ్మ ఒక్క మాట అనగానే నీ అంతట నువ్వే లేచి పోయావు. నేను నిన్ను పిలవాల్సింది. పిలవలేదు. ఒప్పుకుంటున్నాను, పెద్దమ్మ ముందు నాకు నోరు పెగల్లేదు. నేను పిరికిదాన్ని, నువ్వు నా కంటే పిరికిదానివి. నీ చేతి బియ్యం కాకపోతే ఆ ఇంట్లో నాకు ఎవరి బియ్యమూ వద్దు. అందుకు లేచాను. నువ్వు దానికి మైల అని పేరు పెట్టి రెండున్నరేళ్లు మోశావు.

అన్న ఉన్నప్పుడు మాత్రం బియ్యం పోసింది ఎవరు? అన్న రెండు దోసిళ్ళు పోసి "అబ్బ, నడుము" అని లేచేవాడు. మిగతావన్నీ నువ్వే పోసేదానివి. నాకు పుట్టిల్లంటే ఆ రెండు చేతులే.

అందుకే ఓడ. నీ మొదటి ఉత్తరం చదవగానే నాకు తట్టింది. ఓడలో పెద్దమ్మ ఉండదు, కనకరాజు ఉండడు. తలుపు వేసుకుంటే నువ్వూ నేనూ. ఒక గంటలో పని అయిపోతుంది, ఎవరికీ తెలియదు. బియ్యం నేను తెస్తాననుకున్నావా? ఒడిబియ్యం పుట్టింటి నుంచి రావాలని కూడా నేనే నేర్పాలా? తేవాల్సింది నువ్వు. తొమ్మిదో ఏడు దాటిపోతోంది కదా అని నేను గేటు గేటుకూ తిరిగి అడుక్కుంటుంటే నువ్వు బాల్కనీ లెక్కలు వేస్తున్నావు.

ఈయనను కూడా అడిగాను. "మొగడు పోయినామె పోస్తే నీకు కీడంటున్నరు, భయమైతుందా?" అంటే, "ముప్పై ఏండ్ల సంది బీడీలు తాగుతున్న. గవే నన్నేం జెయ్యలే. మీ వదినె బియ్యం ఏం జేస్తయి?" అన్నాడు. మూడు కంపెనీల పెద్దమనుషుల కంటే నా మొగుడే నయం, ఈ ఒక్కసారికి.

ఇక నీ ఇష్టం. ఉత్తరాలు వద్దంటే మానేయి. నేను కూడా ఇదే ఆఖరుది అనుకుంటున్నాను.

దుర్గ


నాచారం,
24-11-2006

దుర్గా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను. మీరు అని మొదలుపెడితే చేయి ఆగిపోయింది. నువ్వు అని రాస్తున్నాను, సంబరపడకు.

నిజమే. నన్ను ఎవరూ తోయలేదు. వంటింట్లో పని కూడా ఏమీ లేదు, అన్నీ పొద్దున్నే అయిపోయాయి. ఖాళీ పొయ్యి ముందు గరిటె పట్టుకుని నిలబడ్డాను. పెద్దమ్మ మాట నేను నమ్మాను దుర్గా. నా చేయి తగిలితే నీ మొగుడికి ఏమన్నా అవుతుందేమో అని భయపడ్డాను. ఆమె మీద కోపం తెచ్చుకునే ధైర్యం లేక నీ మీద తెచ్చుకున్నాను. అది సులువు. నువ్వు దూరంగా ఉంటావు.

మూడు ఓడల పుస్తకాలు మళ్ళీ ముందేసుకున్నాను. గొడుగుది పెద్దది, కిరీటానిది గొప్పది, కొబ్బరిచెట్టుది చిన్నది. మూడింటిలో ఏది నయమని చూస్తూ చూస్తూ ఉంటే నా మీద నాకే రోత పుట్టింది. ఆడబిడ్డకు బియ్యం పోయడానికి సముద్రం మధ్యకు పోవాలా? దొంగసారా తాగేవాళ్ళలాగా తలుపు వేసుకుని, బాల్కనీ పరదా లాగి? గేటు దగ్గర నీకు బుద్ధి చెప్పినవాడి జేబు చినిగితే చినిగింది, వాడి మాటలో తప్పేముంది? ఇంట్లో చేసుకోవాల్సింది ఇంట్లో చేసుకోవాలి.

ఆదివారం సెలవు చూసుకుని లాలాపేట్ పోయాను. పెద్దమ్మ మంచం మీద కూర్చుని ఆకు నములుతోంది.

"పెద్దమ్మా, డిసెంబర్ పదో తారీకు ఆదివారం దుర్గకు ఒడిబియ్యం పోస్తున్న" అన్నాను.

"కనకరాజుకు చెప్పినవా?"

"కనకరాజు ఎందుకు? నేనే పోస్తున్న."

"నీకు గిట్ల మతి పోయిందా ఏంది? పిల్ల పసుపు కుంకుమలు ఏం గావాలె?"

"సాంబయ్యన్న పొయ్యుమన్నడు."

"మొగోడు చెప్తె శాస్త్రమైతదా?"

"మొగోడు చెప్తె కాకపోతే నువ్వు చెప్తె ఎట్లయితది పెద్దమ్మా? నువ్వు గూడ నా లెక్కనే గద."

 ఆమె ఆకు ఊసి నోరు తుడుచుకుంది. ముప్పై ఏళ్లకే మొగుడు పోయిన మనిషి. ఎవరి ఒడిలోనూ ఒక్క గింజ పోసి ఎరగదు. అంత తెలిసీ నా మీద ఆ మాట ఎట్లా అనగలిగిందో అని నాకు ఎప్పుడూ అసహ్యమే, ఇప్పుడూ తగ్గలేదు. చివరకు, "నేను రాను. అన్నం మాత్రం డబ్బల పంపు, బూరెలు జేస్తె నాలుగు ఎక్కువ పెట్టు" అన్నది. సరేనన్నాను. బూరెలకు తక్కువేమీ లేదు.

కాబట్టి నువ్వూ సాంబయ్య అన్నా పదో తారీకు పొద్దుటికి రండి. బియ్యం తెచ్చాను, సన్నవి. పసుపు ఆ రోజే కలుపుతాను. చీర అంచు నీకు నచ్చదని ముందే తెలుసు, నీకు ఏది నచ్చింది కనుక. ఒడి నింపుకుని బొంబాయి పోయి వండుకుని అందరికీ పెట్టుకో. నేనూ నీ వెంటే వస్తాను, అక్కడి నుంచే ఓడ కదా.

అవును, ఏ ఓడ అని మానస అడిగింది. గొడుగు కంపెనీ పేరు రాయమన్నాను. ఆ ఓడ మంచిదని కాదు. ఓడలన్నీ ఒకటే. దేంట్లో ఎక్కినా గదిలో నువ్వే ఉంటావు, నేను ఎట్లాగూ వాంతి చేసుకుంటాను. ఈసారి నీ చీర మీద.

మీ వదిన
లక్ష్మీనర్సమ్మ


ఘాట్‌కోపర్,
1-12-2006

వదినకు,

టికెట్లు దొరికాయి. పదో తారీకు పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగుతాం. స్టేషన్‌కు రావద్దు, పక్క వీధి దాకా వస్తే చాలు. ముందు నేను మాట్లాడను, ఒట్టు ఒట్టే. వచ్చి పీట మీద కూర్చుని ఒడి పడతాను, మాట్లాడాల్సింది ఏమైనా ఉంటే తర్వాత చూద్దాం.

వంటంతా ముందే చేసి పెట్టుకో. నేను గడప తొక్కే లోపల వంటింటికి తాళం వేసి, తాళంచెవి మానసకు ఇచ్చెయ్యి.

దుర్గ